మినువులంక మిశ్రమ పడవ

భైరవమూర్తి మాస్టారికి ఆర్థికశాస్త్రం మొత్తం కొట్టినపిండి అని ఆయన నమ్మకం. ఆయన చెప్పిన వాటిలో పిల్లలకు గుర్తుండేది మాత్రం ఒక్కటే, ఎడ్లబండి. కొత్తరేవు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళుగా, ఏటా దసరా సెలవులకు ముందు వారం, ఆయన బోర్డు మీద ఒక బండిని, రెండెడ్లను గీసేవారు. ఎడ్లు కుక్కల్లా వచ్చేవి. "ఈ ఎడమ ఎద్దు ప్రభుత్వరంగం. కుడి ఎద్దు ప్రైవేటురంగం. రెండింటినీ ఒకే కాడికి కట్టామనుకోండి, దాన్నే మిశ్రమ ఆర్థిక వ్యవస్థ అంటారు. రాసుకోండి" అనేవారు. పిల్లలు రాసుకునేవారు. పది మార్కుల ప్రశ్నకు ఆ బండి రాస్తే ఎనిమిదికి తగ్గకుండా పడతాయని జిల్లా అంతటా పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా మాస్టారు లోపల్లోపల పొంగిపోతూ, పైకి మాత్రం "ఏదో మన పిచ్చి పోలిక" అనేవారు.

ఆ పిచ్చి పోలిక ఒకరోజు ప్రభుత్వ జీపెక్కి ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది.

జీపులో వచ్చినావిడ మట్టపర్తి సుహాసిని. పద్దెనిమిదేళ్ళ కిందట మొదటి బెంచీలో కూర్చుని, మాస్టారు దగ్గితే ఆ దగ్గు కూడా రాసుకున్న పిల్ల. ఇప్పుడు జిల్లా సమ్మిళిత ప్రయోగాల ప్రత్యేకాధికారి. అలాంటి పదవి ఒకటి ఉందని ఆవిడ వచ్చి చేరేదాకా జిల్లాలో ఎవరికీ తెలియదు. మినువులంక గోదావరి మధ్యలో ఉంది, కొత్తరేవు ఒడ్డున ఉంది, రెండింటి మధ్యా ఒక పాయ. ఆ పాయ మీద తిరిగే పాత పడవను తీసేసి కొత్తది వెయ్యాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కొత్త పడవ పూర్తిగా ప్రభుత్వానిది కాకూడదు, పూర్తిగా ప్రైవేటుదీ కాకూడదు అని అందులో ఉంది. సుహాసిని వారం రోజులు బుర్ర బద్దలుకొట్టుకుని, చివరకు తన ఇంటర్మీడియెట్ నోట్సు తీసి చూసుకుంది. జవాబు అందులో ఉంది.

రేవులో షామియానా వేసి సభ పెట్టారు. సుహాసిని మైకు అందుకుంది.

"జాతీయ ఆర్థిక సిద్ధాంతాన్ని జలరవాణాకు అన్వయిస్తూ, ద్వియంత్ర సమభాగ నమూనాను ప్రయోగాత్మక ప్రాతిపదికన ప్రవేశపెడుతున్నాం. పడవ ఎడమవైపు ఇంజను ప్రభుత్వానిది. కుడివైపు ఇంజను మన భాగస్వామి జలవేగ సంస్థది. ఈ నమూనాకు సిద్ధాంతకర్త మా గురువుగారు."

మాస్టారికి శాలువా కప్పారు. ఒక పడవకు రెండు రంగాల ఇంజన్లు ఏమిటన్న అనుమానం ఆయనకు అప్పుడే వచ్చింది. నోటిదాకా కూడా వచ్చింది. కానీ శిలాఫలకం మీద తన పేరు పక్కన ఎం.ఏ. ఉండి ఎం.ఫిల్. లేకపోవడం అంతకంటే ముందు కంటబడింది. మాట్లాడడానికి దొరికిన ఒక్క అవకాశాన్ని ఆయన ఆ ఎం.ఫిల్.కి వాడేసుకున్నారు. మర్నాడే చెక్కించారు కూడా.

అడగవలసినవాడు మరొకడు అడిగాడు. ఓలేటి ధర్మయ్య పాత పడవకు సరంగు, ముప్పైయేళ్ళుగా ఆ పాయ మీద పడవ నడిపినవాడు. ఇప్పుడు ఎడమ ఇంజనుకు ప్రభుత్వ చోదకుడిగా ఉత్తర్వు చేతికిచ్చారు. అతను లేచి నిలబడి, "ఇంజన్లు రెండూ బానే ఉన్నాయండి. సుక్కాని ఎవరిదండి?" అన్నాడు.

"చాలా నిర్మాణాత్మకమైన ప్రశ్న" అంది సుహాసిని. "చుక్కాని ఏ ఒక్క రంగానికీ చెందదు. దాని నిర్వహణకు ఒక సమన్వయ సంఘం ఉంటుంది."

సంఘంలో ముగ్గురు. సుహాసిని, జలవేగ మేనేజరు విక్రాంత్, అధ్యక్షులుగా భైరవమూర్తి మాస్టారు. మొదటి సమావేశంలోనే చుక్కాని సమస్య తేలిపోయింది. ఎడమకు తిప్పితే ప్రైవేటు నొచ్చుకుంటుంది, కుడికి తిప్పితే ప్రభుత్వం నొచ్చుకుంటుంది. కనుక చుక్కానిని సరిగ్గా మధ్యలో నిలబెట్టి, రెండువైపులా నైలాను తాడుతో బిగించి కట్టి, ముడి మీద లక్క సీలు వెయ్యాలని తీర్మానించారు. మిశ్రమ వ్యవస్థ అంటేనే మధ్యేమార్గమని ఆ తీర్మానానికి ముందుమాట రాసింది మాస్టారే. అందులో ఒక శ్లోకం కూడా ఇరికించారు.

"ఎదురుగా ఏదైనా వొత్తేనండి?" అన్నాడు ధర్మయ్య, సీలు వేస్తుంటే చూసి.

"ఆ అంశం అధ్యయనంలో ఉంది" అంది సుహాసిని.

పడవ దిగింది. ఎడమ ఇంజను ప్రభుత్వానిది కనుక పొద్దున్న పదిన్నరకు మొదలై సాయంత్రం ఐదింటికి ఆగేది. ఒంటిగంటన్నర నుంచి గంటసేపు భోజన విరామం, ఆదివారం సెలవు, రెండో శనివారం సెలవు. కుడి ఇంజను ప్రైవేటుది కనుక దానికి టైముతో పని లేదు. తనవైపు ముప్పైమంది కూర్చుంటే కదిలేది, ఇరవై తొమ్మిదిమంది ఉంటే కదిలేది కాదు. పోటీ ఉంటే సమ్మేళనం దెబ్బతింటుందని లంకలో ఉన్న నాటుపడవలన్నిటినీ ఒడ్డుకు లాగించి బోర్లించారు.

ఎడమవైపు చెక్కబెంచీలు, టిక్కెట్టు లేదు. కుడివైపు మెత్తటి సీట్లు, టిక్కెట్టుంది. జనమంతా ఎడమవైపే ఎక్కారు. పడవ ఎడమకు ఒరిగిపోయి నీళ్ళు లోపలికి తొంగిచూశాయి. విక్రాంత్ సూటు తడవకుండా పక్కకు జరిగి, "మా వైపు యూజర్ ఎక్స్‌పీరియన్స్ చాలా బాగుంది సార్. యూజర్లే లేరు" అన్నాడు. అత్యవసర సమావేశం జరిగింది. బరువు సరితూగేందుకు కుడివైపు మెత్తటి సీట్లలో పంతొమ్మిది ఇసుక బస్తాలు కూర్చోబెట్టారు. వాటికి ఏం పేరు పెట్టాలన్నదాని మీద గంటన్నర చర్చ నడిచి, ప్రతీకాత్మక ప్రయాణికులు అన్న మాట ఖాయమైంది. ఆ మాట కనిపెట్టింది ఎవరో చెప్పనక్కర్లేదు. ఇంటికి వెళ్ళి భార్యకు కూడా చెప్పుకున్నారు.

అసలు తిప్పలు పాయ మధ్యలో మొదలయ్యాయి. ఒంటిగంటన్నర కొట్టగానే పడవ ఎక్కడుంటే అక్కడ ఎడమ ఇంజను ఆగిపోయేది. ధర్మయ్య క్యారేజీ విప్పుకునేవాడు. కుడి ఇంజను మాత్రం, ఎడమ బెంచీలు నిండిపోయాక గత్యంతరం లేక టిక్కెట్టు కొన్న ముప్పైమందికి న్యాయం చెయ్యాలని తిరుగుతూనే ఉండేది. ఒక పక్క ఇంజనే నడిస్తే, అందులోనూ చుక్కాని కట్టేసి ఉంటే, పడవ ఎటు పోతుంది? ఉన్నచోటే గుండ్రంగా తిరిగేది. చేపల గంపల ఆడవాళ్ళకు కళ్ళు తిరిగి వాంతులయ్యాయి. కొబ్బరికాయల బేరగాడు ఒకడు దిక్కు తెలియక, గంట తర్వాత ఎక్కిన రేవులోనే దిగి, అదే కొత్తరేవనుకుని బేరం మొదలుపెట్టాడు.

ఫిర్యాదులు వచ్చాయి. సుహాసిని వాటిని మాస్టారికి పంపించి, సిద్ధాంతపరమైన వివరణ కోరింది. అప్పటికి మాస్టారు కూడా నాలుగుసార్లు గుండ్రంగా తిరిగి, ఇంటికొచ్చి మజ్జిగ తాగి పడుకున్నవారే. అయినా కలం పట్టేసరికి ఆయనలో ఎం.ఫిల్. లేచి కూర్చునేది. "ఆర్థిక వ్యవస్థ ఏనాడూ సరళరేఖలో పయనించదు. ఉత్థాన పతనాలు వ్యాపార చక్రాల రూపంలో సంభవిస్తాయి. మినువులంక పడవ పరిభ్రమణాన్ని ఈ దృక్కోణంలో అర్థం చేసుకోవలసి ఉంటుంది" అని రెండు పేజీలు రాసి పంపారు. పైనుంచి అభినందన వచ్చింది. జలవేగ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, ఎడమ ఇంజనుకు సెలవైన ఆదివారాల్లో పట్నంవాళ్ళను తెచ్చి, పడవను కావాలనే గుండ్రంగా తిప్పి గోదావరి చూపించడం మొదలుపెట్టారు. ప్రయోగం మొత్తంలో ఎవరూ ఫిర్యాదు చెయ్యనిది అదొక్కటే.

లంక నుంచి కాలేజీకి వచ్చే ఇంటర్ రెండో ఏడు పిల్లలు పదకొండుమంది. వాళ్ళూ, లంకలోనే కాపురమున్న మాస్టారూ కలిసి రోజూ మధ్యాహ్నానికి కాలేజీ చేరేవారు. ప్రిన్సిపాలు విసుక్కుని, ఎకనామిక్స్‌ను చివరి గంటకు మార్చాడు. కాలేజీ గంటను మార్చగలిగాడు గాని, పరీక్షలను మార్చలేడు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు తొమ్మిదింటికి మొదలు. నిమిషం ఆలస్యమైతే గేటు వేసేస్తారు, ఏడ్చినా తియ్యరు. ఈ సంగతి మాస్టారికి గుర్తు చేసింది పదకొండుమందిలో ఒకతె, గుబ్బల నాగలత.

"మేస్టారండీ, ఎడమింజను పదిన్నరకి కదండి మొదలెడతారు. పరీక్ష తొమ్మిదికండి" అంది ఇంటికొచ్చి.

"చూద్దాంలేమ్మా. సంఘంలో పెడతాను."

"పెట్టండి. ఈసారి పోతే మా అమ్మ సదువు మానిపించేత్తానందండి. అరటిగెలల లారీ కాడికి లోడింగుకి రమ్మంది. ఆవిడికి నడుం నొప్పండి, నా జోడు కావాలండి."

ఆ అమ్మాయి ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు. చెప్పి వెళ్ళిపోయింది. మాస్టారికి ఆ పూట అన్నం సహించలేదు. శాలువా బీరువాలో ఉంది. ఎందుకో దాన్ని చూడబుద్ధి కాలేదు.

మర్నాటి నుంచి ఆయన అర్జీలు రాశారు. పరీక్షలు విద్యాశాఖవి, పడవ రవాణాది, ఇంజను సమ్మిళితానిది. మూడు ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగారు. పరీక్షలకు రెండు రోజుల ముందు ఉత్తర్వు వచ్చింది. "విద్యార్థుల విశాల ప్రయోజనాల దృష్ట్యా ఎడమ యంత్రమును పరీక్షా దినములలో ఉదయం 7.45 నుండి 8.15 వరకు మాత్రమే నడుపుటకు అనుమతించడమైనది." పాయ దాటడానికి ఇరవై నిమిషాలు చాలు. మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు.

ఇక మిగిలింది కుడి ఇంజను. "పదకొండుమందే సార్. ముప్పై ఉండాలి" అన్నాడు విక్రాంత్.

మాస్టారు అప్పుడు తన జీవితంలోకెల్లా గొప్ప వాదన చేశారు. పంతొమ్మిది బస్తాలు మీ సీట్లలోనే కూర్చున్నాయి. వాటిని ప్రయాణికులుగా సంఘం తీర్మానించింది. తీర్మానం కింద మీ సంతకం ఉంది. పదకొండూ పంతొమ్మిదీ ముప్పై. విక్రాంత్ లెక్క చూసుకుని ఒప్పుకున్నాడు. మాస్టారు ఆ రోజంతా వీధిలో తల కొంచెం ఎత్తుకునే నడిచారు.

పరీక్ష రోజు పొద్దున్న ఏడుంబావుకే పిల్లలు రేవుకు వచ్చేశారు. హాల్‌టిక్కెట్లు, అట్టలు, నుదుట బొట్లు. సుహాసిని పట్టుచీర కట్టుకుని పచ్చజెండాతో వచ్చింది, ఈ ప్రత్యేక సర్వీసును తానే ప్రారంభిస్తానని. విక్రాంత్ ట్యాబు తీశాడు. ఏడూ నలభై అయిదుకు ఎడమ ఇంజను దడదడమంది. కుడి ఇంజను కదల్లేదు.

"ఏమైంది?" అన్నారు మాస్టారు.

"ప్రతి ప్యాసింజరూ ఓటీపీ చెప్పాలి సార్. పిల్లలవి అయిపోయాయి. బస్తాలవి రావాలి."

బస్తాలకు ఫోన్లు లేవు. మాస్టారు తన నంబరిచ్చారు. ఒక్కొక్క బస్తాకు ఒక్కొక్క ఓటీపీ. అవి ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, కళ్ళజోడు ఎగదోసుకుంటూ, "ఏడో బస్తాది... నాలుగు సున్నా తొమ్మిది రెండు" అని ఆయన చదువుతుంటే, విక్రాంత్ కొడుతున్నాడు. పన్నెండో బస్తాది రెండుసార్లు తప్పింది. పిల్లలు గడియారాలు చూసుకుంటున్నారు. ఎం.ఫిల్. చేసిన మనిషి ఇసుకకు పేరు పెట్టినందుకు ఇప్పుడు ఇసుక తరపున జవాబులు చెబుతున్నాడు. పంతొమ్మిదో బస్తా ఖాయమయ్యేసరికి ఎనిమిదీ అయిదు. సుహాసిని పడవలో నుంచే జెండా ఊపింది. పడవ కదిలింది.

సరిగ్గా పది నిమిషాలకు, పాయ నడిమధ్యలో, ఎడమ ఇంజను ఆగిపోయింది.

"ధర్మయ్యా" అన్నారు మాస్టారు.

"టైమైపోయిందండి. కాయితంలో ఎనిమిదింబావు దాకానే ఉందండి."

"ఇంకో పది నిమిషాలు నడపవయ్యా."

"ఆయ్, నడుపుదునండి. మొన్నొకసారి అన్నం మానేసి ఐదు నిమిషాలు ఎక్కువ నడిపితే మెమో ఇచ్చారండి. ఇంకోటొత్తే ఉజ్జోగం పోద్దండి. అమ్మగారు ఇక్కడే ఉన్నారు, ఆరినే సెప్పమనండి."

అందరూ సుహాసిని వంక చూశారు. పడవ అప్పటికే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. కొత్తరేవు ఎదురుగా వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది.

"సమయ పొడిగింపు నా అధికార పరిధిలో లేదు" అంది ఆవిడ, పడవ గోడ పట్టుకుని. "ప్రతిపాదన పంపిస్తే సానుకూలంగా సిఫారసు చేస్తాను."

"పోనీ చుక్కాని తాడు విప్పుదాం."

"అది సంఘం సీలు. సమావేశం పెట్టాలి. ఎజెండా మూడు రోజుల ముందు ఇవ్వాలి."

ఇంతలో విక్రాంత్ ట్యాబు కుయ్యిమంది. అతను చూసి, కుడి ఇంజనూ ఆపేశాడు. గుండ్రంగా తిరిగినందుకు డీజిలు ఒప్పందంలో లేదట, ఆదివారాల్లో తప్ప. పడవ నిశ్శబ్దంగా దిగువకు జారిపోసాగింది. ఎనిమిదీ ఇరవై రెండు. పిల్లల్లో ఒకడు వెక్కిళ్ళు పెట్టాడు. నాగలత మాత్రం మాస్టారి మొహంలోకి చూసింది.

"మేస్టారండీ, సంఘానికి అధ్యక్షులు మీరే కదండి" అంది.

మాస్టారికి సిగ్గేసింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎన్నడూ పడనంత సిగ్గు. ఆయన లేచి, పంచె ఎగగట్టి, వెనక్కి వెళ్ళి, చుక్కాని ముడి పట్టుకుని లాగారు. రాలేదు. వంగి పళ్ళతో పట్టి పీకారు. లక్క ముక్కలై నోట్లోకి వచ్చింది. ఉమ్మేశారు.

"గురువుగారూ, అది తీర్మాన ఉల్లంఘన" అంది సుహాసిని.

"సుహాసినీ, నేనెప్పుడూ ఎడ్లబండి తోలలేదమ్మా. ఎక్కనైనా ఎక్కలేదు. మాది రైల్వే క్వార్టర్సు. ఆ ఎడ్లను క్యాలెండర్లో చూసి గీశాను."

ఆవిడ తెల్లబోయింది. "నేను పరీక్షలో అదే రాశానండీ."

"తెలుసు. పదికి తొమ్మిదిన్నర వేశాను. ఆ అర మార్కు కూడా ఎందుకు తగ్గించానా అని చాలాకాలం బాధపడ్డాను. నీళ్ళు ఎంత లోతున్నాయి ధర్మయ్యా?"

"మార్చి కదండి. గెడ అందుద్దండి" అన్నాడు ధర్మయ్య. అని, ఉద్యోగం సంగతి కూడా మరిచిపోయి, బెంచీల కింద నుంచి పాత పడవ తాలూకు వెదురు గెడలు బయటికి లాగాడు. ఆరున్నాయి. "ఎడం పక్క ముగ్గురు, కుడి పక్క ముగ్గురు. నేలకి తన్నిపెట్టి ఎనక్కి నడవండి. సుక్కాని నేను సూసుకుంటాను."

పిల్లలు వంతులవారీగా గెడలు పట్టారు. బరువు తగ్గించడానికి బస్తాలను ఒక్కొక్కటే గోదాట్లోకి తోసేశారు. మాస్టారు రెండు బస్తాలు తోసి, మూడోదానికి నడుం పట్టేసి కూలబడ్డారు. విక్రాంత్ సూటు విప్పి మడతపెట్టి, గెడ అందుకున్నాడు. సుహాసిని కాసేపు నిలబడి చూసింది. తర్వాత పట్టుచీర కొంగు నడుముకు దోపి, నాగలత పక్కన నిలబడి గెడ వేసింది. ఆవిడా లంకలో పుట్టిన పిల్లే కనుక చేతులకు ఆ పని ఇంకా గుర్తుంది. పడవ తిన్నగా వెళ్ళింది. ఎనిమిదీ నలభై ఎనిమిదికి కొత్తరేవులో తాకింది. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తారు. పదకొండోది లోపలికి వెళ్ళాక గేటు పడింది. ఆ పదకొండోది నాగలత. అరచేతిలో బొబ్బ పగిలితే రుమాలు చుట్టుకుని మూడు గంటలూ రాసిందట.

మిగిలిన పరీక్షలకు ఎవరూ ఇంజన్ల కోసం ఆగలేదు. లంకలోని మగవాళ్ళూ ఆడవాళ్ళూ వచ్చి గెడలు పట్టి, పిల్లల్ని టైముకు దింపారు. మాస్టారు ఒక నిజమైన నివేదిక రాశారు. నమూనా తప్పు, పోలిక తప్పు, తప్పు నాది, పాత పడవనే ధర్మయ్యకు ఇచ్చెయ్యండి అని ఒక్క పేజీ. శ్లోకం పెట్టలేదు. కింద ఎం.ఫిల్. కూడా రాయలేదు. ఆయన రాసినవాటిలో అదే మంచిదని ఆయన భార్య అంది.

నెలన్నరకు జవాబొచ్చింది. సుహాసిని ఫోనులో చదివి వినిపించింది. చదువుతుంటే ఆవిడ గొంతులో మునుపటి ఊపు లేదు. "మినువులంక ప్రయోగము సంపూర్ణ విజయము సాధించినదని గుర్తించడమైనది. పదకొండుగురు విద్యార్థులు సకాలమున గమ్యము చేరుటయే ఇందుకు తార్కాణము. ఇందులో అనూహ్యముగా ఆవిర్భవించిన మూడవ రంగమును ప్రజారంగముగా వ్యవహరించుచు, ఇకపై ప్రతి ప్రయాణికుడు స్వంత గెడతో హాజరు కావలెను. ఈ నమూనాను మరి నాలుగు రేవులకు విస్తరించడమైనది."

"నా నివేదిక ఏమైందమ్మా?"

"దాన్ని జతపరిచారండి, సిద్ధాంతకర్త వినయానికి నిదర్శనంగా" అంది సుహాసిని. "నేను కూడా మీరు చెప్పిందే రాసి పంపానండి. నన్ను అభినందించారు" అంది.

జూన్‌లో కాలేజీ తెరిచిన రోజు మాస్టారు తన గెడ తెచ్చుకుని పడవెక్కారు. ఎడమ ఇంజను మీద ప్రభుత్వ ముద్ర, కుడి ఇంజను మీద జలవేగ బొమ్మ, రెండింటికీ కొత్త రంగు వేసి ఉంది. ధర్మయ్య ఇంజను పక్కన లాగ్‌బుక్కు పట్టుకుని కూర్చున్నాడు, గెడ ముట్టుకోవడానికి అతనికి అనుమతి లేదు. కుడివైపు విక్రాంత్ ఎక్కినవాళ్ళందరి దగ్గరా ఓటీపీలు తీసుకుంటున్నాడు. చేపల గంపల ఆడవాళ్ళు, కొబ్బరికాయల బేరగాడు, ఇంటర్ పాసైన నాగలత, వాళ్ళమ్మ, అందరూ బారులు తీరి గెడలు నేలకు తన్నిపెట్టి వెనక్కి నడుస్తున్నారు. పడవ బరువుగా కదిలింది.

సగం దూరం వెళ్ళాక ధర్మయ్య ఉండబట్టలేక అడిగాడు.

"మేస్టారండీ, పడవని మీరే తోసుకుంటున్నారు కదండి. మరి ఇంజన్లు రెండూ ఎందుకండి?"

మాస్టారు చెమట తుడుచుకుని ఆలోచించారు.

"వాటిని అవతలి ఒడ్డుకు చేర్చద్దూ, ధర్మయ్యా" అని గెడ వేశారు.